ఎరను బట్టే గాలం కర్ర!

కండ్లకోయలో ఉండే మా బావ ఈమధ్య ఓ ఫిషింగ్ రాడ్ కొన్నాడు. సన్నగా, ఈకలా తేలిగ్గా ఉంది. అమెరికావాళ్లు బాస్ చేపల్ని పట్టే వీడియోలు చూసి పుట్టిన మోజు అది! మత్స్య సహకార సంఘం వాళ్లను అడిగి, ఆదివారం పొద్దున్నే చెరువు గట్టెక్కాం. గుర్రపుడెక్క పక్కన ప్లాస్టిక్ కప్పను విసిరాడో లేదో... భళ్లున నీళ్లు లేచాయి. కొర్రమీను! బావ లాగాడు. రాడ్ విల్లులా వంగిందే తప్ప చేప కదల్లేదు. ఆకుల్లోకి దూరింది, తంగూసు పుటుక్కున తెగింది. మూతిలో గాలంతోనే వెళ్లిపోయింది పాపం. చేప పోయినందుకు కాదు, అలా పోయినందుకు బాధేసింది.

రాడ్ నాసిరకమేమీ కాదు. అది చేయాల్సిన పని వేరు, అంతే.

బాస్ మన చెరువుల్లో ఉండదు. వేటలో దానికి దగ్గరి పోలిక కొర్రమీనుదే. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. రెండూ నాచులో మాటువేసి ఒక్కసారిగా మీద పడే రకాలు. అందుకే బాస్ వేటగాళ్ల లెక్కలు మనకూ పనికొస్తాయి.

రాడ్ పిడికి కాస్త పైన చిన్న అక్షరాలుంటాయి. పొడవెంత, ఎన్ని పౌండ్ల దారం వాడాలి, ఎన్ని గ్రాముల ఎర విసరాలి... అన్నీ అక్కడే. ధర చూసేవాళ్లే కానీ ఆ వరుస చదివేవాళ్లు తక్కువ. 'పవర్' అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలన్నది. 'యాక్షన్' అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస మాత్రమే, మోడరేట్ అయితే సగం దాకా వంగుతుంది.

కప్ప ఎరకు 7 అడుగుల హెవీ, ఫాస్ట్ రాడ్ కావాలి. కొర్రమీను నోరు గట్టి ఎముక. పైగా కప్ప ముళ్లు దాని ఒంటికి అంటుకుని ఉంటాయి. చేప కప్పను నోట్లోకి తీసుకునేదాకా క్షణం ఆగి బలంగా గుంజితేనే ముల్లు దిగుతుంది. ఆకుల్లోంచి చేపను ఈడ్చాలంటే మామూలు తంగూసు చాలదు, అల్లిక దారం ఉండాలి.

మూతి దగ్గర చిన్న రేకుతో నీళ్లలోకి మునిగే చేపపిల్ల ఎర సంగతి పూర్తిగా వేరు. దానికి సన్నని మూడు ముళ్ల గాలాలుంటాయి. బిరుసు రాడ్‌తో గుంజితే మూతి చీరి ఊడొస్తాయి. అక్కడ మీడియం, మోడరేట్ రాడే మేలు. అడుగున పాకించే రబ్బరు వానపాముకు మళ్లీ ఫాస్టే. చేప ముట్టిన చిన్న కదలిక కూడా చేతికి తెలియాలి మరి! బొచ్చె, రవ్వలు ఇలాంటి ఎరలకు సాధారణంగా లొంగవు. వాటికి పిండి ముద్దే... రాడ్ కాస్త పొడవుగా, మెత్తగా ఉంటే చాలు.

ఒక్కటే కొనాలంటే? 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ తీసుకోండి. అన్నింటికీ అదే గొప్పని కాదు, చాలావాటికి సర్దుకుపోతుంది.

మరో మాట. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. గట్టు మీదుగా తీగలున్నచోట, ఉరుములు మొదలైనప్పుడు దాన్ని పైకెత్తకూడదు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. వానాకాలంలో నీళ్లమీద ఎర్రెర్రగా గుంపుగా కదిలే పిల్లలు కనిపిస్తే అక్కడ ఎర వేయొద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే ఆ గుంపంతా ఇతర చేపల పాలే.

బావ ఇప్పుడు హెవీ రాడ్ కొన్నాడు. పాతది మేనల్లుడి చేతికొచ్చింది. వానపాము గుచ్చి జిలేబీ చేపలు పట్టడానికి అది భేషుగ్గా ఉంది. వంటింట్లోకి చేప తెచ్చింది ఇప్పటిదాకా వాడొక్కడే!