ఉప్పుగూడ వాకిట్లో జపాన్ మేపుల్ బతకదు, అమ్మేవాడికి కూడా తెలుసు



ఈసారి పోస్టు పత్తి ధర గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. పట్నంల ఉన్న మన పిల్లలు ఫోన్‌లో ఫొటో చూసి కొంటున్న ఒక చెట్టు గురించి. పేరు జపాన్ మేపుల్. చేతి వేళ్ళలా చీలిన ఆకు, నిప్పులాంటి ఎరుపు. "ఇంటి ముందు చిన్న జాగా ఉన్నా చాలు" అని రాసి అమ్ముతున్నారు. జాగా చాలుతుంది, నిజమే. కానీ కాలం చాలదు. ఆ మాట మాత్రం ఎవడూ రాయడు.

మా చిన్నాయన కొడుకు ఉప్పుగూడలో ఉంటడు. యాకుత్‌పురాకు, ఫలక్‌నుమాకు మధ్యల ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది చూడండి, అదే ఉప్పుగూడ. వాకిలి పది అడుగులు, మూడు దిక్కులా సిమెంటు గోడలు. అక్కడ మేపుల్ పెట్టిండు. ఏప్రిల్‌లో ఆకు అంచులు కాలినయ్, మే నెలకు కొమ్మలు ఎండినయ్. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "నీళ్ళు తక్కువైనయ్" అన్నడట. నీళ్ళు ఎక్కువ పోస్తే "వేరు కుళ్ళింది" అంటడు. తప్పు ఎప్పుడూ కొన్నోడిదే. నకిలీ విత్తనం అమ్మినోడు మనతో ఏం మాట్లాడతడో గుర్తుకొచ్చిందా?

అసలు సంగతి చెప్తా, వినండి.

మేపుల్ పుట్టింది జపాన్, కొరియా అడవుల్లో. పెద్ద చెట్ల నీడలో, చల్లటి తేమలో పెరిగే చిన్న చెట్టు అది. చలికాలం ఆకు రాల్చి, మొగ్గ మూసుకుని నిద్రపోతుంది. ఆ నిద్ర తీరాలంటే ఏడెనిమిది డిగ్రీల లోపు చలి వారాల తరబడి ఉండాలి. టోక్యోలో జనవరి రాత్రులు 1, 2 డిగ్రీలకు దిగుతాయి. హైదరాబాద్‌లో జనవరి రాత్రి మామూలుగా 14, 15 దగ్గర ఉంటుంది. నిద్ర తీరని చెట్టుకు చిగురు సరిగ్గా రాదు. ఒక కొమ్మ లేస్తుంది, ఇంకొకటి లేవదు. ఏటేటా నీరసపడి పోతుంది.

ఇక ఎరుపు. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి ఉన్న ఆకురాలు కాలంలోనే ఆ రంగు తేలుతుంది. మన దగ్గర ఆ చలి రాదు, ఆ రంగూ రాదు. చిగురు నుంచే ఎర్రగా ఉండే రకాలు కూడా వేడికి పచ్చగా మారతాయి. అంటే చెట్టు ఎట్లనో బతికినా ఫొటోలో చూసిన చెట్టు మీ వాకిట్లో ఉండదు.

ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. ఆకు పలుచన. వడగాలికి ఆకు నుంచి పోయే నీళ్ళను వేరు అంత తొందరగా అందించలేదు, అందుకే అంచుల నుంచి కాలుతుంది. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో పొద్దంతా కాగిన గోడ రాత్రంతా వేడి కక్కుతుంది. మే నెలలో రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

నేల, నీళ్ళు కూడా అంతే. దానికి కొంచెం పులుపు గుణం ఉన్న, ఆకు ఎరువుతో గుల్లబారిన, నీళ్ళు ఆగని మట్టి కావాలి. పట్నంల చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా, సున్నంగా ఉంటయ్. బక్కెట్ అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే కుండీ మట్టిలోనూ పేరుకుంటుంది. ఇంట్లో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు పోస్తే ఇంకా ఘోరం, ఉప్పంతా అందులోనే ఉంటది. వానాకాలం ఇంకో తిప్పలు. 2020 అక్టోబర్‌లో పాతబస్తీలో ఎన్ని బస్తీలు మునిగినయో టీవీల్లో చూసినం. మేపుల్ వేరుకు నిలవ నీళ్ళు పడవు.

ఇక్కడ ఒకరు లేచి అడుగుతరు: "మరి ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంల ఆపిల్ కాయలేదా?" కాసింది. మంచి ప్రశ్న. కానీ అక్కడ వేసింది కశ్మీర్ ఆపిల్ కాదు. హిమాచల్‌లో హరిమన్ శర్మ అనే రైతు, కింది ప్రాంతాల వేడికి తట్టుకునే చెట్టును ఎంచి, అంటుకట్టి నిలబెట్టిన హెచ్ఆర్ఎంఎన్-99 రకం. చలి తక్కువున్నా కాసే రకం. మేపుల్‌లో దక్కన్ ఎండకు అట్లాంటి రకం చూపించండి, నేనే వచ్చి నాటుతా. రకం మారకుండా చెట్టు ఒక్కటే మారాలంటే ఎట్ల?

ఇంకొకరు "ఏసీ గదిలో పెడతం" అంటరు. ఏసీ 24 డిగ్రీలు ఇస్తది, చలికాలం ఇయ్యదు. గదిలో వెలుతురూ చాలదు.

గింజల మోసం ఇంకా పెద్దది. నీలం మేపుల్, ఏడు రంగుల మేపుల్ అని పొట్లాలు అమ్ముతున్నారు. నీలం ఆకుల మేపుల్ ఈ భూమ్మీద లేదు. అసలు ఎర్ర మేపుల్ గింజ కూడా తడి ఇసుకలో పెట్టి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితే గానీ మొలవదు. మొలిచినా తల్లి గుణం రాదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే వస్తుందా? మంచి మేపుల్ రకాలన్నీ అంటు మొక్కలే. ఇది మనకు తెలిసిన విద్యే, మన పిల్లలకు తెల్వదు.

విదేశీ చెట్టు అని నేను కొట్టిపారేస్తలేను. మిరప, టమాట, జామ, సీతాఫలం అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మన ఎండకు ఇమిడినయ్ కాబట్టి మనవైనయ్. ఎక్కడి నుంచి వచ్చింది అన్నది కాదు, ఇక్కడ ఇముడుతదా అన్నదే లెక్క. ఒట్టి కంటికి ఇంపని నాటితే ఏమైతదో కోనోకార్పస్‌తో చూసినం. తొందరగా పచ్చబడుతదని రోడ్ల వెంట వరుసగా నాటిన్రు, తర్వాత వద్దన్నరు. గుజరాత్ అటవీశాఖ 2023లో నాటొద్దని ఆదేశాలే ఇచ్చింది.

సరే, ఉప్పుగూడ పది అడుగుల వాకిట్లో ఏం పెట్టాలె? దానిమ్మ పెట్టండి. చిగురు రాగి రంగు, పువ్వు ఎరుపు, ఎండకు, సున్నపు నేలకు ఓర్చుకుంటది, పైగా కాయ. ఆకుకే రంగు కావాలంటే క్రోటన్, నీడ పక్కన. పారిజాతం, కరివేపాకు ఉండనే ఉన్నయ్. పొట్టి చెట్టు ముచ్చటైతే జువ్వినో రావినో కుండీలో కత్తిరించి పెంచండి, వసంతంలో రావి చిగురు ముందు ఏ మేపుల్ నిలుస్తది? కానీ కుండీలోనే. గోడ పక్కన భూమిలో పెట్టారో, గోడ ఉండదు.

ఇంత విన్నా మేపులే కావాలంటే: పొద్దున తొమ్మిది దాకే ఎండ పడే తూర్పు పక్క, అడుగున చిల్లులున్న వెడల్పు మట్టి కుండీ, పట్టిన వాన నీళ్ళు, మొదట్లో ఎండుటాకుల కప్పు, ఎండాకాలంలో ఎరువు బంద్. అయినా రెండు మూడేళ్ళ ముచ్చటే అనుకోండి.

చివరగా నర్సరీ పెట్టుకున్న మన తమ్ముళ్ళకు ఒక మాట. బతకదని తెలిసీ అమ్మితే, మనం జీవితమంతా తిట్టే నకిలీ విత్తనపోడికీ మనకూ తేడా ఏముంది? కొనేటోడు అడిగితే "మీ దగ్గర బతకదు" అని చెప్పండి. ఈ ఒక్క అమ్మకం పోతది, వాడు పదేళ్ళు మీ దగ్గరికే వస్తడు.

పట్నంల ఉన్న మీ పిల్లలకు ఈ పోస్టు పంపండి. మే నెల లోపు పంపండి.