దుబాసీ పెట్టె

మా బావమరిది యేం చేస్తాడని యెవరైనా అడిగితే చెప్పడం కొంచెం కష్టం. సినిమావాళ్లకు పాత సామాను అద్దెకిస్తాడు. ఫిల్మ్‌నగర్‌లో వొక సందులో రేకుల షెడ్డు. అందులో గ్రామఫోను, తిప్పుడు టెలిఫోను, పెడలు కుట్టుమిషను, నాలుగు రకాల గోడగడియారాలు. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసిన తరువాత మద్రాసు సినిమా మెల్లగా యీ గుట్టలెక్కి వచ్చింది గదా, దాని వెనకే యిలాంటి షెడ్లూ వచ్చాయి.

మొన్న వేసవిలో అతనికో ఆర్డరు వచ్చింది. కథ 1990ల నాటిది. రూపాయి బిళ్ల వేసి నిలబడి ఆడే వీడియోగేము మెషీను కావాలి. తెర మీద ఆట నిజంగా నడుస్తూ వుండాలి. మెషీను షెడ్డులోనే వుంది గాని దాని లోపలి బోర్డు యెప్పుడో చచ్చిపోయింది.

"దాందేముంది బావగారూ! నాన్న కొన్న టీవీగేము అటక మీద వుంది. రెండింటికీ మధ్య అడాప్టరొకటి తగిలిస్తే సరి" అన్నాడు.

ఆ టీవీగేము మా మామగారు పోయే ముందు సంవత్సరం, కొడుకు పదో తరగతి గట్టెక్కాడని కొన్నది. నేను తెలుగు యెమ్మేనే అయినా, యింటిల్లిపాదికీ యింగ్లీషు కరపత్రాలు చదివిపెట్టే వుద్యోగం నాదే గనుక అడాప్టరు కొనే పని నాకు పడింది. వొక దుకాణంలో చవకగా దొరికింది. ప్లగ్గు చక్కగా దూరింది. బొమ్మ మాత్రం రాలేదు. దుకాణదారు యేమంటాడు? "ప్లగ్గు దూరింది కదండీ!" అన్నాడు.

అప్పుడు కూర్చుని చదివాను. 1985లో జపానులో ఆట మెషీన్లవాళ్ల సంఘం వొక కట్టడి చేసింది: బోర్డు యేదైనా 56 కొసల పట్టీ వొకటే. దాని పేరు జామా. ఆ పట్టీ గుండా బొమ్మ, మీటలు, చప్పుడు మూడూ వెళతాయి. యింట్లో ఆడే పెట్టెకు యీ మూడింటిలోనూ భాష వేరు. అంచేత మధ్యవాడు వుత్త తీగ అయితే చాలదు, దుబాసీ కావాలి.

బొమ్మ సంగతే ముఖ్యం. మెషీను తెరకు యెరుపు, పచ్చ, నీలం వేరువేరు తీగల్లో రావాలి. మన టీవీగేము రంగులన్నీ కలగలిపి వొక్క పసుపు తీగలో పంపుతుంది. సంధి చేసిన మాటను విడగొట్టినట్టు ఆ రంగుల్ని మళ్లీ విడదియ్యడానికి యింకో పెట్టె కొనాలి. పోనీ రంగులు విడిగా యిచ్చే పెట్టే వున్నదనుకోండి, వాటి బలం 0.7 వోల్టు. తెర అంతకు కొన్ని రెట్లు అడుగుతుంది. బలం పెంచే భాగం అడాప్టరులో లేకపోతే బొమ్మ మసకగా, జ్వరం పడి లేచినట్టుంటుంది.

మీటల్లోనూ పేచీయే. మెషీనులో మీటకొక తీగ. టీవీగేము యెనిమిది మీటల కబురూ వరసగా వొకే తీగలో చెపుతుంది. కాబట్టి యే పెట్టెకు ఆ పెట్టె అడాప్టరే కొనాలి. "అన్నిటికీ పనికొస్తుంది" అన్నదాన్ని నేను నమ్మను. చప్పుడుకు చిన్న ఆంప్లిఫయరు చాలు.

యూసఫ్‌గూడ నుంచి వచ్చిన మెకానిక్కు, టీవీగేము విప్పి లోపల్నించే రంగులు లాగుతానన్నాడు. విప్పి చూస్తే నల్లటి తారుబొట్టు లాంటిది, దాని కింద చిప్పు. విడి రంగులు బయటికి తీసే దారే లేదు. అయినా టంకం కాచే యినుము వేడెక్కుతోంది. అప్పటిదాకా తొందరపడుతున్న బావమరిది, దాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముయ్యవయ్యా. యిది మా నాన్నది."

చివరికి 1990లలో షా వాలెస్ కంపెనీ మనదేశంలో అమ్మిన సెగా మెగాడ్రైవు వొకటి స్నేహితుడి దగ్గర దొరికింది. అది రంగులు విడిగానే యిస్తుంది. దాని మీటలు మూడు, మెషీను మీటలూ మూడు. బలం పెంచే భాగం, ఆంప్లిఫయరు వున్న సెగా అడాప్టరు తెప్పించాం. మొదటి దానికి రెట్టింపు ధర పడింది; మా ఆవిడకు యింకా చెప్పలేదు. బిగించే పని మెకానిక్కుదే. తెర వెనక వేల వోల్టులుంటాయి, స్విచ్చి కట్టేసినా కొంతసేపు నిలిచే వుంటాయి. పిల్లల్ని గడప దాటనివ్వలేదు.

షూటింగునాడు కెమేరామన్ వొక్కటే అడిగాడు: "తెర యాభయ్యా, అరవయ్యా?" యిక్కడమ్మిన సెగా సెకనుకు దాదాపు 50 సార్లు బొమ్మ గీస్తుంది. ఆయన కెమేరాను సెకనుకు 25 బొమ్మలకు పెట్టాడు. ఆడేవాళ్లకు అరవయ్యే హాయిగాని, అది 24 బొమ్మల కెమేరాకు దొరికితే తెర మీద నల్లపట్టీ పాకుతుందట. మా మేనల్లుడు మెషీను ముందు నిలబడి ఆడాడు. వాడి వీపు మాత్రం సినిమాలో వస్తుంది.

ఆ సాయంత్రం అత్తగారు, "మీ మామగారి పెట్టె పెట్టారా నాయనా?" అని అడిగారు. బావమరిది మాట్లాడకుండా దాన్ని ఆవిడ గదిలోని పాత టీవీకి తగిలించాడు. పసుపు తీగ వొక్కటే, అడాప్టరు అక్కర్లేదు. బొమ్మ వచ్చింది. రెండో ఆటగాడి మీట ఆ రోజుల్లోనూ పనిచెయ్యలేదుట, అందుకని తల్లీ కొడుకూ వంతులవారీగా ఆడారు.