పాత కంప్యూటర్లు, లినక్సు, మన ప్రశ్నపత్రములు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణముగ నిచ్చుచుండిన రక్షణ సవరణలు నిలిచిపోయినవి. విండోస్ 11 నడచుటకు టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, కొంత క్రొత్తదగు ప్రాసెసరును కావలయును. పదియేండ్ల క్రిందట పాఠశాలలు కొనిన యంత్రములలో పెక్కింటికి ఈ యోగ్యత లేదు. తెర వెలుగుచున్నది, మీటలు పనిచేయుచున్నవి. అయినను వానిని పాతసామానుల వానికి తూచి యమ్మవలసినదేనా? అమ్మవలదని మా యభిప్రాయము.

వానియందు లినక్సును నిలుపవచ్చును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమునకు, 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ వెల్లడించిన కెర్నెల్ తోడైనది. దాని సోర్సు కోడును ఎవరైనను చదువవచ్చును, మార్పవచ్చును, పంచిపెట్టవచ్చును. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో యేండ్లుగ దీనితోనే కంప్యూటరు విద్య గరపుచున్నవి. అచ్చట ఉపాధ్యాయులకే శిక్షణ నిచ్చి, వారిచే తక్కిన ఉపాధ్యాయులకు నేర్పించిరి. ఈ సంగతి మనవారు గమనింపవలెను.

ఇక చిక్కు. మన ప్రశ్నపత్రములు పెక్కు అచ్చుపనికై పుట్టిన పాత ఫాంట్లలో టైపు చేయబడియున్నవి. వానిలో తెలుగు అక్షరములకు స్వస్థానము లేదు. ఇంగ్లీషు అక్షరముల చోటులలో అద్దెకున్నవి. ఆ ఫాంటు లేని యంత్రమున ఫైలు తెరచితిమా, కకారమున్న చోట నేదో రోమను అక్షరము, ఒత్తున్న చోట నొక ప్రశ్నార్థకము కానవచ్చును. పరీక్ష రేపనగా ఈ దృశ్యము చూచిన ఉపాధ్యాయుడు లినక్సును తిట్టి విండోసునకు మరలుట వింత కాదు. కాని నేరము లినక్సుది కాదు. యూనికోడునందు 1991 నుండియే తెలుగునకు ప్రత్యేక స్థానము కలదు. ఆ పద్ధతిని వ్రాసిన పత్రము ఏ యంత్రముననైనను తెలుగుగానే తెరచుకొనును. పాత ఫైళ్లను మార్చు సాధనములు లేకపోలేదు. ఐనను ఒత్తులు, గుణింతములు తారుమారగుట కలదు గనుక ప్రతి పుటను మరల చదివి దిద్దవలెను. కావున యంత్రములను మార్చుటకు ముందే పత్రములను మార్పవలెనని మేము గట్టిగ చెప్పుచున్నాము. విండోసులోనే యుండగోరు వారికిని ఈ పని తప్పదు.

ప్రింటరు సంగతి చిన్నది. కొన్నింటికి తయారీదారులు లినక్సు డ్రైవరు నీయరు. లినక్సును పెన్‌డ్రైవు నుండియే నడిపి, లోపలి డిస్కును ముట్టక పరీక్షించుకొనవచ్చును.

లైసెన్సు రుసుము మిగిలినదని పాఠశాలాధికారులు సంతసింతురు. ఆ మిగులు ఎవరి శ్రమనుండి వచ్చినదో విచారించువారు తక్కువ. తరగతులు ముగిసిన పిమ్మట చీకటి పడువరకు కూర్చుండి వ్యవస్థను నిలుపువాడు, చెడినప్పుడు బాగుచేయువాడు, తోటివారి ప్రశ్నలకు బదులు చెప్పువాడు ఒక్క ఉపాధ్యాయుడే. అతడు బదిలీయైనచో ఆ గదికి తాళము పడును. కావున ప్రతి పాఠశాలయందును ఇద్దరికి ఈ పని నేర్పవలెను; వారమునకు రెండు పీరియడ్లు వారి బోధనభారము నుండి తగ్గింపవలెను. మిగిలిన రుసుములో కొంత భాగమును ఈ శిక్షణకే వచ్చు సంవత్సరపు ఆయవ్యయ పట్టికలో చేర్చవలసినదిగ యాజమాన్యమువారిని కోరుచున్నాము.