పేరు లేని వ్యాసము

వార్షిక సంచిక అచ్చుకు వెళ్లే ముందు ప్రతి ఏడు మా బల్లమీద రెండు దొంతరలు చేరుతాయి. ఒకటి ఉర్దూ, ఒకటి తెలుగు. రెండింటిలోను విద్యార్థినుల రచనలు ఉంటాయి. తీరా సంచిక వెలువడిన తరువాత చూస్తే వారికి దక్కినది తరచుగా వంటల పుట, మెహందీ పుట మాత్రమే. ఎందుకిట్లు జరుగుచున్నది? ఈ ప్రశ్న ఇతరులను అడిగే ముందు మమ్ము మేమే అడుగుకొనవలసి ఉన్నది.

కొంతకాలము క్రితము ఒక విద్యార్థిని మాకొక వ్యాసము ఇచ్చినది. కంబదూరు ప్రాంతపు కరువు అందులో అంకెలుగా లేదు, ఇంటి కథగా ఉన్నది. వాన తప్పినది, బోరు ఎండినది, తండ్రి కూలికై బెంగుళూరు వెళ్లినాడు. నీళ్ల బిందె, తమ్ముని చదువు, పెళ్లి మాట మూడును ఒక్కసారిగా ఆమె నెత్తిన పడినవి. శనక్కాయలు ఒలిచిన కూలితో పరీక్ష ఫీజు కట్టినట్లు రెండే వాక్యములలో చెప్పినది. తమ్ముడు బడికి పోవలెనన్న తాను మానవలెనా అని అడిగినది.

వ్యాసము బాగున్నది. అచ్చు వేసినాము. కాని పెళ్లి ప్రసక్తి ఉన్న పేరా తీసివేసి, పేరుకు బదులు పొడి అక్షరములు ఉంచినాము. ఇంటివారికి ఇబ్బంది కలుగరాదని మా ఉద్దేశము. ఆమెను మాత్రము అడుగలేదు. సంచిక చేతికందిన నాడు ఆమె పుట తిరగవేసి, “సార్, ఇది నేను వ్రాసినదేనా?” అన్నది. మాకు సమాధానము తోచలేదు.

పొడి అక్షరముల చరిత్ర మన ఉర్దూ సాహిత్యమునకు కొత్త కాదు. జాహిదా ఖాతూన్ షేర్వానీ తన కవితలను ‘జే-ఖే-షీన్’ అన్న మూడక్షరముల చాటున ప్రకటించినది. 1922లో, ముప్పది ఏండ్లు నిండకుండానే మరణించినది. అంతకు ముందే, 1898లో, లాహోరు నుండి ‘తహజీబె నిస్వాఁ’ పత్రిక వెలువడినది. దాని సంపాదకురాలు ముహమ్మదీ బేగం. పర్దాలో ఉన్న స్త్రీ పత్రిక నడపడమేమని ఆనాడు నిందించిన వారున్నారు. ఆ నిందల మధ్యనే ఆ చిన్న రిసాలా ఎందరో గృహిణులకు కలము పట్టుట నేర్పినది.

తెలుగులోను ఇదే కథ. 1902లో ‘హిందూ సుందరి’ ప్రారంభమైనది. అందులో వ్రాసిన భండారు అచ్చమాంబ బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చెంతనే చదువు నేర్చినది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించినది. తమ్ముని చదువు అక్క చదువునకు అడ్డు కానక్కరలేదని, తోడు కాగలదని ఆ ఇల్లు నిరూపించినది. మా విద్యార్థిని వేసిన ప్రశ్నకు నూరేండ్లకు పూర్వమే ఒక జవాబు ఉన్నది.

వ్రాసినంత మాత్రాన ఏమగును అనువారున్నారు. 1992లో నెల్లూరు జిల్లాలో ఏమైనదో వారు గుర్తు చేసుకొనవలెను. రాత్రి బడి వాచకములోని ‘సీతమ్మ కథ’ చదివిన పల్లె స్త్రీలు సారా అంగళ్లపై కదలినారు. దూబగుంట పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. 1993 అక్టోబరులో ప్రభుత్వము సారాను నిషేధించవలసి వచ్చినది. ఆ కథను వారికందించినది గొప్ప గ్రంథము కాదు, ఒక చిన్న వాచకము. అదే 1993లో హైదరాబాదు నుండి ‘భూమిక’ స్త్రీవాద పత్రికగా వెలువడినది. ఆపదలో ఉన్న స్త్రీల కొరకు 2006లో ఆ పత్రికే టెలిఫోను సహాయ కేంద్రమును నెలకొల్పినది. అక్షరము అక్కడ ఆసరా అయినది.

ఇది మన సంస్కృతి కాదు, ఎక్కడి నుండో వచ్చిన వాదము అని కొందరు పెద్దలు అనవచ్చును. ముహమ్మదీ బేగం మన సంస్కృతి కాదా? ఇల్మ్ ఆర్జించుట స్త్రీకిని విధియని మన ఇండ్లలో వినలేదా? మరి కొందరు ముస్లిం స్త్రీ అనగానే నఖాబు ఒక్కటే చూచి, ఆమె తరఫున తామే మాటలాడుదురు. 2005లో షాజహానా తన కవితా సంపుటికి ‘నఖాబ్’ అనియే పేరు పెట్టి, తన మాట తానే చెప్పుకొన్నది. మా విద్యార్థినికి కావలసినదియు ఇదియే. ఆమెను దాచుట గౌరవము కాదు, ఆమె బదులు మాటలాడుట ఉపకారమును కాదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. సంపాదక వర్గములో ఉర్దూ విభాగము నుండి ఒకరిని, తెలుగు విభాగము నుండి ఒకరిని విద్యార్థినులను చేర్చుకొనండి. రచనలను ఎంచు అధికారము వారికిని ఇవ్వండి. రచయిత్రిని అడుగక ఒక్క వాక్యమైనను తీయరాదని నియమము పెట్టండి. ఇంటి పరిస్థితులను బట్టి ఆమె మారుపేరు కోరినచో అది ఆమె ఇష్టము. ఆ నిర్ణయము మాది కారాదు.

విద్యార్థి సోదరులారా, మీ ఇంటిలో అక్క కాని చెల్లెలు కాని కాగితము ముందు కూర్చున్నప్పుడు ఆ పూట నీళ్ల బిందె మీరు ఎత్తండి. ఈ కార్యమునకు ఇంతకు మించిన ఉపన్యాసము అక్కరలేదు.

ఆ విద్యార్థిని వ్యాసపు ప్రతి ఇంకను మా వద్దనే ఉన్నది. తీసివేసిన పేరా కూడ ఉన్నది. ఆమె అంగీకరించినచో రాబోవు సంచికలో దానిని సంపూర్ణముగా, ఆమె కోరిన పేరుతో ప్రకటించవలెనని మా కోరిక. ఈసారి ముందుగా ఆమెనే అడుగుదుము.