గుంట తవ్వినవాడే మూత వేయాలి



"పెద్ద కంపెనీలు వస్తె మన పిల్లలకు నౌకరీలైతయి పాస్టరయ్యా, గాలి ఖరాబైతది, నీళ్లు ఖరాబైతయి అని మీరు అడ్డం చెప్పకుండ్రి" అనే మాట మన సంఘాల్లో వినబడుతోంది. "ఇవి లోకసంబంధమైన సంగతులు, సేవకులు వాక్యము చెప్పుకుంటే చాలు" అనేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలకూ వాక్యములోనుంచే జవాబు చెబుతాము.

నిర్గమకాండము 21:33, 34 తెరిచి చూడండి. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసిన మనిషి, పొరుగువాని ఎద్దు దానిలో పడి చస్తే ఆ నష్టం తానే భరించాలని అక్కడ ఉంది. తవ్వవద్దని దేవుడు చెప్పలేదు. నీళ్లు కావాలంటే తవ్వాల్సిందే. కానీ మూత వేసే పని తవ్వినవానిది. వేయకపోతే నష్టపరిహారమూ వానిదే. ఎండిపోయిన బోరుగుంతలను చూసిన నల్లగొండ, పాలమూరు జనానికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. తమిళనాడు తోళ్ల పరిశ్రమల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలి. బాధితులకు పరిహారమే కాదు, పాడైన నేలను, నీటిని బాగుచేసే ఖర్చు కూడా అతనే పెట్టుకోవాలి.

కాబట్టి కంపెనీలు ప్రకృతికి మేలా కీడా అని అడిగితే మేము తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాము. గుంటకు మూత ఎవరు వేస్తున్నారు? దిగువన నీళ్లు ఎవరు తాగుతున్నారు? ఈ రెండూ అడిగి చూస్తే మన ప్రాంతములో లెక్క కంపెనీల పక్షాన లేదు.

మూసీ సంగతి చూడండి. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగును, చుట్టుపక్కల పొలాలను పాడుచేశాయని 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తరువాత వెదికిన పరిష్కారాల్లో ఒకటి 18 కిలోమీటర్ల పైపులైను. అక్కడి శుద్ధి కేంద్రంలోంచి వచ్చే నీటిని నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట దారి పట్టించారు. అంబర్‌పేట నుంచి మూసీకి, మూసీ నుంచి మనకు. వలిగొండ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఆ ఏరు పారేది ఉమ్మడి నల్లగొండలోనే. హైదరాబాదు నుంచి నల్లగొండ వరకు మూసీ పాయను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో అత్యంత కలుషితమైన వరుసలో చేర్చింది. ఆ మురికిలో ఎక్కువ భాగం నగరపు ఇళ్లదే. అంతా కంపెనీలదే అంటే అది అబద్ధసాక్ష్యమే అవుతుంది. కానీ ఒక వాగును కాపాడడానికి వేసిన దారి ఇంకొక ఏటిలో తేలింది. గుంటకు మూత వేయలేదు, గుంటను జరిపారు. యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు బలిసిన గొఱ్ఱెలను నిలదీసింది దీనికే: మీరు తేటనీళ్లు తాగి, మిగిలినవి కాళ్లతో కలిపేస్తే, నా మంద ఆ బురదే తాగాలా?

"పర్యావరణానికి మంచిది" అని పేరు పెట్టి వచ్చేవాటినీ ఇట్లాగే పరీక్షించాలి. ఇథనాల్‌ను పెట్రోలులో కలిపితే పొగ తగ్గుతుందంటారు. కానీ దాన్ని తయారుచేయడానికి ధాన్యం కావాలి, చాలా నీళ్లు కావాలి, మిగిలిన వ్యర్థజలం ఎక్కడికో పోవాలి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వ్యర్థజలం మన్నెవాగులో కలుస్తోందని చుట్టుపక్కల ఊళ్లు 2023లో రోడ్డెక్కాయి. నగరములో గాలి బాగుపడే లెక్క రాసేవారు, వాగు ఒడ్డున బతికేవారి లెక్క కూడా అదే కాగితము మీద రాయాలి.

కొందరు అంటారు, "నల్లగొండ నీళ్లు ముందే ఫ్లోరైడ్ నీళ్లు, దానికి ఏ కంపెనీ కారణం?" నిజమే, ఫ్లోరైడ్ ఈ నేల రాళ్లలోంచి వచ్చింది, ఏ కంపెనీ పోయలేదు. కానీ చెడ్డ నీళ్లు మనిషి ఎముకలను ఎట్లా వంచుతాయో తరతరాలు కళ్లారా చూసిన జిల్లా మనది. కృష్ణ నీళ్లు ఇంటింటికీ రావడానికి ఎన్నేళ్లు ఎదురుచూశామో మనకు తెలుసు. అందరికన్నా ముందు జాగ్రత్తపడాల్సింది మనమే.

"ఈ లోకం ఎట్లాగూ లయమైపోతది గదా" అనే విశ్వాసులకు ఒక మాట. ఈ దేహమూ మట్టిలో కలిసేదే. అయినా జ్వరమొస్తే సూది వేయించుకుంటున్నాం. భూమ్యాకాశాలు లయమవుతాయని చెప్పిన 2 పేతురు 3వ అధ్యాయమే, అందుకే మీరు ఎంత పరిశుద్ధముగా నడుచుకోవాలి అని అడుగుతోంది. పొరుగువాని బావి పాడైతే మాకేమిటి అనుకోవడం ఆ పరిశుద్ధత కాదు.

కంపెనీ ఆర్వో ప్లాంటు పెడితే, మందిరానికి ప్రహరీ గోడ కట్టిస్తే కృతజ్ఞత చెప్పండి. కానీ నోరు తాకట్టు పెట్టకండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాల్సిందే. అది చట్టం విధించిన బాధ్యత, మన మీద కురిపించిన దయ కాదు. ఆ రెండు శాతం గుంటకు మూత కూడా కాదు.

మరి ఏమి చేయాలి? పెద్ద పరిశ్రమలు చాలావాటికి అనుమతి ఇచ్చేముందు, 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశము తెలుగులో ఉండాలి. దానికి ఇంతమంది రావాలనే కోరం లేదు. అంటే ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే. మన మౌనమూ లెక్కలోకి వస్తుంది. 2024 అక్టోబరులో రామన్నపేటలో అంబుజా సిమెంట్ యూనిట్ మీద సభ పెట్టినప్పుడు జనం వచ్చి వద్దని చెప్పారు. వద్దనడమో, ఈ షరతులతో రమ్మనడమో ఊరి ఇష్టం. ఊరు మాట్లాడటం మాత్రం తప్పనిసరి.

మీ ఊరికి అట్లాంటి నోటీసు వస్తే ప్రార్థన చేసుకొని వెళ్లండి. తెలుగు సారాంశము అడిగి చదవండి, చదవనివారికి యౌవనస్థులు చదివి వినిపించండి. రోజుకు ఎన్ని నీళ్లు తీసుకుంటారు, వ్యర్థజలం ఎక్కడికి పోతుంది, మా బోర్లు పాడైతే ఎవరు కడతారు అని అడగండి. మీరు చెప్పింది రాసుకున్నారో లేదో చూసి రండి. నౌకరీల సంగతీ అక్కడే అడగండి: ఎందరికి, పర్మనెంటా కాంట్రాక్టా?

ఏదెను తోటలో ఆదామునకు దేవుడు అప్పగించిన పనులు రెండు: సేద్యము చేయడం, కాయడం. మొదటిది మాత్రమే చేస్తామనేవానికి, అది ఎంత పెద్ద కంపెనీ అయినా, రెండవది గుర్తుచేయడం సంఘము పని.

ప్రభువు మనకు ఆ ధైర్యము దయచేయును గాక. ఆమేన్.