ఇంటి హద్దులు

నగల తూకము మనకుఁ గంఠస్థము. ఇంటి గజము లెన్నియో యడిగినచో మౌనము! చార్మినారు చెంత సందులలో ఇండ్లు గోడకు గోడ యానుకొని యుండును. దస్తావేజున “తూర్పున ఫలానావారి యిల్లు” అని వ్రాసినఁ జాలదు. ఆ యిల్లు రేపు చేతులు మాఱును. నడిమి గోడ మనదా, పొరుగువారిదా, ఉమ్మడిదా యనునదియు అందుండవలెను.

1908లో మూసీ వరద వచ్చిన పిదప లియొనార్డు మన్ అను నధికారి ఈ నగరమును కొలిపించి, ఇండ్లను సందులను జూపు పటములను సిద్ధపఱచెను. ఎంతయో మెచ్చఁదగిన పని. అయినను పటము గోడ యున్న తావును జూపునే కాని, అది యెవరిదో చెప్పదు. అందులకు దస్తావేజునే చూడవలెను.

పాత గోడ తీసి క్రొత్తది కట్టునపుడే జానెడు నేల జాఱిపోవును. కావున గోడ కూల్పక మున్నే, పొరుగువారి సమక్షమున సర్వేయరుచేఁ గొలిపించి, ఆ కొలతపటముపై ఉభయులును సంతకములు చేయవలెను.