పాఠం ఫోన్లో ఉంది, సారెక్కడ?

తుర్కయాంజాల్ దగ్గర సాగర్ రోడ్డు మీద పొద్దున్నే నిలబడితే కాలేజీ బస్సులు వరసగా ఇబ్రహీంపట్నం వైపు పోతుంటాయి. కిటికీ పక్కన ఓ అమ్మాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోన్లో పాఠం 1.5 స్పీడులో. ఒక సమీకరణం దగ్గర ఆపింది. పది సెకన్లు వెనక్కి జరిపి చూసింది. మళ్లీ జరిపింది. అర్థం కాలేదు, అడుగుదామంటే మనిషి లేడు. తర్వాతి వీడియోకు పోయింది. పగలంతా దుకాణంలో నిలబడి డిగ్రీ చదివే కుర్రాడికైతే ఆ మాత్రం తీరిక కూడా లేదు. రాత్రి 11 గంటలకు అదే వీడియో తెరిచేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది.

ఆన్‌లైన్ చదువును మేం వద్దనడం లేదు. ఐఐటీ సార్ల పాఠాలు రంగారెడ్డి జిల్లా పిల్లలకు ఉచితంగా అందడం చిన్న సంగతి కాదు. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ఆ మేలు చేసింది. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా దాని ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధన పెట్టింది. మంచిదే. కానీ ఆ 40 శాతాన్ని అధ్యాపకుల ఖాళీలు కప్పిపుచ్చే దుప్పటిగా వాడితే మాత్రం ఒప్పుకోం. నీకు వీలైనప్పుడు నీ వేగంతో చదువుకో అన్న మాట, నీ చావు నువ్వు చావు అన్నట్టు మారకూడదు.

హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నడిపిన కోర్సులనే చూడండి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 100కి ముగ్గురే. ఊరికే తొంగిచూసి పోయేవాళ్లూ అందులో ఉంటారు, నిజమే. అయినా, పట్టించుకునే మనిషి లేకపోతే చదువు మధ్యలో ఆగిపోతుందనడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి మందు ఎక్కడో వెతకనక్కర్లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన గడ్డ మీదే పుట్టింది. హైదరాబాద్‌లోని ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. బడి మొహం చూడనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు. తెలుగులో అచ్చయిన పాఠం ఇంట్లో చదువుకునేవారు, రేడియోలో వినేవారు. అంతటితో వదిలేయలేదు. ఊళ్లలోని కాలేజీలనే స్టడీ సెంటర్లు చేసి, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు పెట్టారు. వారమంతా దాచుకున్న డౌట్లు అక్కడ తీరేవి. ఇప్పుడు ఆన్‌లైన్‌నూ తరగతినీ కలిపి బ్లెండెడ్ అని కొత్త పేరుతో వస్తున్నది మనకు నలభై ఏళ్లుగా తెలిసిన పనే, మనిషిని తీసేయకపోతే.

క్రెడిట్లు ఇచ్చే ప్రతి ఆన్‌లైన్ కోర్సుకూ విశ్వవిద్యాలయం ఒక అధ్యాపకుణ్ని పేరు పెట్టి కేటాయించాలి. వారానికి రెండు గంటలు ఆయన పిల్లలకు ఎదురుగా కూర్చోవాలి, ఆ గంటలను ఆయన పనివేళల్లోనే లెక్కించాలి. అలా ఎదురుగా అడిగి తెలుసుకోకుండా, జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న కాలంలో అసైన్‌మెంట్లకు మార్కులు ఇవ్వడం దండగ. తుర్కయాంజాల్‌లో ఒక ప్రభుత్వ బడి గదిని సాయంత్రం 6 నుంచి 9 దాకా తెరవాలి. వైఫై, నాలుగు కంప్యూటర్లు, ఒక సారు. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. సెమిస్టర్ మొదలయ్యేలోపే ఆ గది తాళం ఎవరి చేతిలో ఉంటుందో, సారు జీతం ఏ పద్దులోంచి వస్తుందో విశ్వవిద్యాలయమూ స్థానిక పురపాలక సంస్థా కూర్చుని తేల్చాలి.